పోగు రెండో కొస

దెయ్యాలున్నాయని నేనెప్పుడూ నమ్మలేదు. చదివి తెలుసుకున్నదాన్నే నమ్మే మనిషిని. బీటెక్‌లో మెకానికల్ చదివాను కానీ రోబోటిక్స్ నాకెవరూ చెప్పలేదు. లైబ్రరీలో పుస్తకాలు ముందేసుకుని, అర్థంకాని పేజీని పదిసార్లు చదివి నేర్చుకున్నాను. ఆ గర్వం నాకుంది. అందుకే ఇది రాయాలంటే కొంచెం సిగ్గుగా కూడా ఉంది.

మాది వరంగల్ కొత్తవాడ. మా తాత జంపఖానాలు నేసేవాడు. ఇప్పుడు ఇంట్లో అమ్మా నేనే. ముందు గదిలో సగం తాత మగ్గమే ఉంటుంది. ఆయన పోయేనాటికి దాని మీద ఒక జంపఖానా సగంలో ఉంది. నేసే మనిషి పోయినా మగ్గం మీది నేతను మధ్యలో కోయకూడదని మా ఇంటి పద్ధతి. ఎవరో ఒకరు కూర్చుని పూర్తి చేయాలి. అమ్మకు మోకాళ్ల నొప్పులు, నాకు చదువు. ఏడాదిన్నర అట్లాగే ఉండిపోయింది.

ఈలోగా యూరప్‌లో రోబోటిక్స్ మాస్టర్స్‌కు దరఖాస్తు పెట్టాను. రెండేళ్లు, రెండు దేశాల్లో చదువు, స్కాలర్‌షిప్ వాళ్లదే. అది రాకపోతే నాకు వేరే దారి లేదు. ఆన్‌లైన్ ఇంటర్వ్యూలో సొంతంగా చేసింది ఏదైనా నడిపి చూపించమన్నారు.

నేను ఒక రోబో చెయ్యి తయారుచేశాను. మోచెయ్యి, మణికట్టు, పట్టుకోవడానికి రెండు వేళ్లు. మనం దాన్ని పట్టుకుని కదిలిస్తే ఆ కదలికను గుర్తుపెట్టుకుని మళ్లీ చేస్తుంది. ఎవరైనా పట్టుకుని నేర్పితే తప్ప దానంతటది ఏదీ నేర్చుకోలేదు.

దాన్ని కదలకుండా బిగించడానికి మా ఇంట్లో మగ్గం దూలాన్ని మించింది లేదు. నేత ఒక్కటే అడ్డం. ఇంటర్వ్యూకు ముందురోజు పొద్దున అమ్మ తొర్రూరులో చిన్నమ్మ ఇంటికి పోయింది. ఆమె బస్సెక్కిందని తెలిశాక కత్తెర తీసుకుని, మగ్గం మీద నిలువునా బిగించి ఉన్న పడుగు పోగులన్నీ కోసేశాను.

చెయ్యిని బిగించి, ఒక డబ్బాలోని నట్టును ఇంకో డబ్బాలో వేయడం నేర్పాను. తర్వాత నేర్పే స్విచ్ ఆపడం మరిచి, ఇంటికి తాళం వేసి లైబ్రరీకి వెళ్లాను. పదిన్నర నుంచి నాలుగు దాకా అక్కడే ఉన్నాను. రిజిస్టర్‌లో లోపలికి వెళ్లినప్పుడూ, బయటికి వచ్చినప్పుడూ చేసిన నా సంతకం ఉంది. తాళంచెవి నా జేబులోనే ఉంది.

సాయంత్రం వచ్చి అమ్మ మగ్గాన్ని చూసింది. తిట్టలేదు. "తాత అడిగితే ఏం చెప్తవ్?" అని మాత్రం అన్నది.

మర్నాడు మధ్యాహ్నం మూడింటికి ఇంటర్వ్యూ. బటన్ నొక్కాను. చెయ్యి డబ్బా వైపు పోలేదు. కిందికి వంగి, నేను పోగులు కోసిన చోటికి వెళ్లింది. రెండు వేళ్లూ కలిశాయి, దేన్నో నలిపాయి, మెల్లగా వెనక్కి లాగాయి. కొంచెం పక్కకు జరిగి మళ్లీ అదే. తెగిన పోగులు అతికే పని అది. మణికట్టు దగ్గర సన్నగా వణుకు. చివరి రోజుల్లో తాత కుడిచేతికి ఉండిన వణుకు.

స్క్రీన్ మీద ప్రొఫెసరమ్మ ముందుకు వంగి చూస్తోంది. ఈ కదలిక ఎవరు నేర్పారని అడిగింది. మా తాత అన్నాను. ఆ మాట నేను అనుకుని చెప్పింది కాదు.

అప్పుడు ఆ చెయ్యి దూలం మీద రెండుసార్లు కొట్టి, వేళ్లు తెరిచి ఆగిపోయింది.

తెగి వదులైన పోగు అతకడం ఇద్దరి పని. ఒకరు కొస లాగి పట్టుకుంటేనే ఇంకొకరు ముడి వేయగలరు. పోగు తెగితే తాత దూలం మీద రెండుసార్లు కొట్టేవాడు. చిన్నప్పటి నుంచీ, ఎక్కడున్నా పరుగెత్తి రెండో కొస పట్టుకునేది నేనే.

వంటింటి గుమ్మంలో అమ్మ నిలబడి ఉంది. "పోయి పట్టుకో బిడ్డా," అన్నది నెమ్మదిగా. "ఎదురు చూస్తాండు."

నా చెయ్యి లేవలేదు. తెరుచుకున్న ఆ వేళ్లు వణుకుతూనే ఉన్నాయి. వైరు పట్టుకుని లాగేశాను.

తర్వాత కంప్యూటర్ తెరిచి చూస్తే నేను నేర్పని ఫైలు ఒకటి ఉంది. చివరగా నేర్చుకున్నదాన్నే ఆ చెయ్యి నడుపుతుంది. ఆ ఫైలు తయారైంది ముందురోజు మధ్యాహ్నం పన్నెండు దాటాక, నేను లైబ్రరీలో ఉన్న వేళ. గడియారం సరిగ్గానే ఉంది. తాళం ఎవరూ తీయలేదు. పక్కింటి పవర్‌లూమ్ అదురేమో అనుకున్నాను. అదురు మోటార్లను కదిలించొచ్చు, ముడి వేయడం నేర్పదు కదా. చాలా పుస్తకాలు తిరగేశాను. నాకు జవాబు దొరకలేదు.

సీటు వచ్చింది. ఉత్తరంలో వాళ్లు మెచ్చుకున్నది ఆ కదలికనే. వచ్చే నెల ప్రయాణం.

చెయ్యిని విప్పి పెట్టెలో పెట్టేశాను. ఇప్పుడు రోజూ పొద్దున అమ్మ ఆ మోకాళ్ల నొప్పులతోనే మగ్గం దగ్గర ఒక్కతే కూర్చుని, కోసిన పోగులు ఒక్కొక్కటీ అతుకుతోంది. రెండో కొస పట్టుకోమని నన్ను పిలవదు. ఇప్పటికి సగం పైన అతికింది. ఎవరు పట్టుకుంటున్నారని నేను ఇంతవరకూ అడగలేదు.