అంజన్న కాలు

కొత్తకోట బస్టాండు ఎదుట మల్లీశ్వరికి ఒక షట్టరు ఉంది. రెండు కంప్యూటర్లు, ఒక స్కానర్, గిర్రుమనే టేబుల్ ఫ్యాను. సర్కారు దరఖాస్తులన్నీ కాగితం వదిలి తెర మీదికి ఎక్కినప్పటి నుంచి చుట్టుపక్కల ఊళ్ల జనం ఆఫీసుకు కాదు, ఈ షట్టరుకే వస్తున్నారు. ఆఫీసుల్లో కూర్చున్నవాళ్లకు జీతాలున్నాయి. వాళ్లు చేయాల్సిన పనిలో సగం ఈ తెలుగు మీడియం డిగ్రీ మనిషి చేస్తోంది. తిట్లు కూడా ఆమే తింటోంది.

ఆమెకో అలవాటు. స్కాన్ చేసిన ప్రతి కాగితానికీ తెలుగులోనే పేరు పెడుతుంది: సోమమ్మ పింఛను, లింగయ్య పాసుబుక్కు. ఎందుకని అడిగితే, "ఇంగ్లిష్‌ల ఒక్క మనిషికి మూడు తీర్ల స్పెల్లింగు. ఆధార్‌ల ఒకటి, రేషన్ కార్డుల ఇంకోటి. తెలుగులనైతే మనిషికి ఒక్కటే పేరు" అంటుంది. ఆ మాట తప్పని ఇంతవరకు ఎవరూ అనలేదు.

ఆ సోమవారం పొద్దున పదింటికి నర్సింగమ్మ వచ్చింది. గొర్లు కాసే ఇల్లు. రెండేళ్ల కింద మందను హైవే దాటిస్తుంటే లారీ గుద్ది ఆమె భర్త అంజన్నకు కుడికాలు మోకాలి కింది నుంచి పోయింది. అప్పటి నుంచి మంద వెంట ఆమె, మంచం మీద అతను. ఇప్పుడు పెట్టుడు కాళ్లకు, చెవి మిషన్లకు కొలతలు తీసే క్యాంపు పెట్టారు. దాని కోసమే కొత్తగా తెరిచిన వెబ్‌సైట్‌లో దరఖాస్తు చేయాలి. ఆ సాయంత్రం ఐదు గంటలకు గడువు ముగుస్తుంది. తప్పితే మళ్లీ క్యాంపు ఎప్పుడో చెప్పేవాడు లేడు.

"గిప్పుడా వచ్చేది చిన్నమ్మా? ఇన్నొద్దులు ఏం జేసినవ్?"

"దవాఖాన కాయితానికి నాలుగుసార్లు తిరిగిన బిడ్డా. శనివారం పొద్దుమూకినంక ఇచ్చిండ్రు. నిన్న ఐతారమాయె."

మల్లీశ్వరి ఆ కాగితాన్ని స్కాన్ చేసి, 'అంజన్న కాలు' అని పేరు పెట్టి, ఫారంలో అప్‌లోడ్ నొక్కింది. తెర మీద చక్రం తిరగడం మొదలైంది. పది నిమిషాలైనా అదే చక్రం. వచ్చిందనదు, రాలేదనదు. తప్పెక్కడుందో ఒక్క ముక్క చెప్పదు.

ఫైలు బరువుందేమోనని రంగు తీసేసి సగానికి తగ్గించింది. చక్రం. ఇంకా తగ్గిస్తే డాక్టరు సంతకం మసకబారింది, అయినా పంపి చూసింది. చక్రమే. ఇంటర్నెట్ మందగించిందేమోనని ఫోన్ హాట్‌స్పాట్ పెట్టింది. బ్రౌజర్ మార్చింది. రెండో కంప్యూటర్‌కు జరిగింది. మధ్యలో కరెంటు పోయి వచ్చింది. మధ్యాహ్నానికని తెచ్చుకున్న సద్ది డబ్బాలోనే ఉండిపోయింది.

హెల్ప్‌లైన్‌కు చేస్తే అరగంటకు ఒక గొంతు పలికింది. "సర్వర్ బిజీ మేడం. కాసేపాగి ట్రై చేయండి."

"కాసేపంటే ఎంతసేపు సార్? ఐదింటికి మీరే బంద్ చేస్తరు గద?"

ఫోన్ కట్టయింది.

"పోతదా బిడ్డా?" అని నర్సింగమ్మ అప్పటికి ఏడోసారి అడిగింది.

"నన్నడుగకు చిన్నమ్మా, గా చక్రాన్నడుగు!" అని కసిరి, కసిరినందుకు నాలుక కరుచుకుని, ఆమెకు చాయ్ తెప్పించింది.

నాలుగింటికి ప్లాట్లు అమ్మిపెట్టే పరశురాం వచ్చాడు. వాళ్లమ్మకు చెవి మిషన్ కోసం అదే క్యాంపుకు, అదే సైట్‌లో దరఖాస్తు. రెండో కంప్యూటర్ ముందు కూర్చుని, ఫోన్‌లో ఫొటో తీసిన కాగితాన్ని అందులోకి తీసుకుని అప్‌లోడ్ నొక్కాడు. నిమిషంలో అయిపోయింది.

"చూసినవా అక్కా? చెయ్యి మంచిదుండాలె."

"నీ చెయ్యి సంగతి ప్లాట్లు కొన్నోళ్లనడిగితే చెప్తరు. జరుగు, గా ఫైలు చూడనియ్యి."

అతని ఫైలు ఆమెదానికి నాలుగింతలు. రంగులతో సహా ఉంది. అదే ఇంటర్నెట్, అదే కంప్యూటర్. బరువు కాదు, నెట్ కాదు, సర్వర్ అంతకన్నా కాదు. మరి తేడా ఎక్కడ? రెండు ఫైళ్లనూ పక్కపక్కన పెట్టి చూసింది. అతని ఫైలుకు ఫోనే పెట్టిన ఇంగ్లిష్ పేరుంది. ఆమెది, అంజన్న కాలు.

మల్లీశ్వరి ఆ రెండు మాటలూ చెరిపేసి '1' అని కొట్టింది. మసకబారని మొదటి స్కానే పంపింది. ఇరవై సెకన్లు. పచ్చటి టిక్కు పడింది. టైము నాలుగూ ఇరవై ఐదు.

"ఏం జేసినవ్ బిడ్డా?"

"మీ ఆయన పేరు తీసేసిన. తెలుగుల రాస్తే తీసుకుంటలేదు."

"లారోడు కాలు తీసిండు. గీళ్లు పేరు తీసిండ్రా?" అంది నర్సింగమ్మ.

ఆ మాటతో మల్లీశ్వరికి ఎక్కడలేని కోపం వచ్చింది. మళ్లీ హెల్ప్‌లైన్.

"ఫైల్ నేమ్ ఇంగ్లిష్‌లోనే ఉండాలి మేడం."

"యాడ రాసిండ్రు?"

"అందరికీ తెలిసిందే కదా మేడం."

"అందరంటే ఎవరు సార్? మా మాటను ఎక్కిరిస్తుండ్రనే గద కొట్లాడి రాష్ట్రం తెచ్చుకున్నం! మన సర్కారు సైటుకు మన అక్షరం ఎరుక లేదా? లేకుంటే లేదని చెప్పాలె. పొద్దుగాల పదింటి సంది ఒక్క కాలు కోసం గా చక్రం తిప్పుడేంది?"

"కంప్లైంట్ రాసి అప్‌లోడ్ చేయండి మేడం."

ఆమె ఫోన్ బల్ల మీద పెట్టేసింది. పరశురాం నవ్వబోయి, ఆమె ముఖం చూసి ఆపుకున్నాడు.

ప్రింటర్‌లోంచి రసీదు వచ్చింది. అంతా ఇంగ్లిషే, మల్లీశ్వరి చదివి చెప్పింది. నర్సింగమ్మ దాన్ని రెండు చేతులా పట్టుకుని, ఇంటికి ఫోన్ కలిపించుకుంది.

"ఇగో, పోయింది!"

అవతల అంజన్న గొంతు షట్టరంతా వినిపించింది. "ఒక్కటి పోయింది సాలదానే? ఇంకేం పోయింది?"

"కాయితం పోయింది! అంటే... చేరింది. ఇరవై రెండో తారీఖు కొలతలకు రమ్మన్నరు."

అవతల అంజన్న కసిరాడు. "గీ మాట ముందుగాల చెప్పొద్దా!"

ఆమె లేవబోతుంటే మల్లీశ్వరి రసీదు అడిగి తీసుకుంది. పెన్నుతో దాని నెత్తిన, వంకర లేకుండా, పెద్ద అక్షరాలతో రాసింది: అంజన్న కాలు.