నెత్తికెక్కిన కన్ను

రాయి చిన్నదే. సాలూరు ఘాటు దిగుతున్న లారీ వెనక చక్రం కింద నుంచి ఎగిరి మా బావ కారు ముందద్దానికి తగిలింది. చింతగింజంత మచ్చ పడింది. ఇల్లు చేరేసరికి ఆ మచ్చలోంచి ఒక గీత మొలిచింది. మర్నాటి ఎండకి ఆ గీత అద్దం ఈ కొస నుంచి ఆ కొసకి పాకింది.

మామూలు కారైతే ఇందులో రాయవలసింది ఏమీ లేదు. అద్దాల షాపువాళ్ళు పాతది కోసి తీసి కొత్తది అంటిస్తారు, మనం టీ తాగి వచ్చేస్తాం. కానీ ఆ కారుకి అద్దం లోపలివైపు, పైన నడిమధ్యన ఒక కెమెరా ఉంది. రోడ్డు మీది తెల్లగీత దాటితే కారు కూసేది. ముందు ఏదైనా మరీ దగ్గరైతే కూసేది. కూసినా మనిషి వినకపోతే తనే బ్రేకు వేసేది. రెండువేల ఇరవై ఇంకా రాని ఆ రోజుల్లో మా వైపు అటువంటి కారు వస్తే పిల్లలే కాదు, పెద్దవాళ్ళూ వంగి చూసేవారు. మా బావ దాన్ని దర్జా కోసం కొనలేదు. ఆయన చూపు పోతోంది.

నీటికాసులు అన్నారు డాక్టరు. చూపు అంచుల నుంచి లోపలికి కుంచించుకు వస్తుందని, పోయింది తిరిగి రాదని, చుక్కల మందు ఉన్నదాన్ని మాత్రం కాపాడుతుందని చెప్పారు. బండి తోలడం మానెయ్యమన్నారు. మా బావ చుక్కలు ఒక్క పూట తప్పలేదు. చివరి మాట మాత్రం వినపడనట్టు ఊరుకున్నాడు. మీసాలు రాకముందే లారీ ఎక్కినవాడు, తరవాత సాలూరులో సొంత లారీలు తిప్పినవాడు, అవి అమ్మేశాక కూడా స్టీరింగు వదలనివాడు. పాత కారు ఇచ్చేసి, విశాఖపట్నంలో ఎవరో పెద్దాయన వాడి వదిలేసిన ఈ విదేశీ కారు తెచ్చుకున్నాడు.

"రెండు కళ్ళు మోసం సేస్తే మూడోది కొనుక్కున్నాను. తప్పేటి?" అన్నాడు.

తప్పేనని మా అప్ప అంది. మా వైపు అక్కని అప్ప అంటాం. ఆయన్ని ఆపమని నన్ను పిలిపించింది. నేను ఆపలేదు. ఆయన పక్షానే మాట్లాడాను.

నేను విజయనగరంలో బడిపంతులుని. సెలవు రోజుల్లో సభలకి వెళ్ళి మూఢనమ్మకాల మీద మాట్లాడేవాణ్ణి. శృంగవరపుకోటలో అయినా, పార్వతీపురంలో అయినా, పాలకొండలో అయినా, సభకి నన్ను తీసుకెళ్ళేది మా బావే. వెనక వరసలో కూర్చుని వినేవాడు. తిరుగుదారిలో నా ఉపన్యాసాన్ని ఉతికి ఆరేసేవాడు. ఆయన భక్తుడేమీ కాదు.

"దేముడున్నాడని నానంట్నేదురా పంతులూ. నువ్వు దేముడు నేడని సెప్పిన తీరు బాగునేదంతన్నాను. అన్నీ తెలిసినోడిలాగ సెప్తావు. అలాగ సెప్తే ఎవుడింటాడు?"

నేను మండిపడేవాణ్ణి. ఆయన తాపీగా గేరు మార్చి ఇంకో ప్రశ్న వేసేవాడు. దానికి జవాబు వెతుక్కునేలోగా ఊరొచ్చేసేది. సభల్లో చప్పట్లు కొట్టినవాళ్ళ దగ్గర నేను నేర్చుకున్నది ఏమీ లేదు. నేర్చుకున్నదంతా మా బావ పక్కన, ఆ ఎడం సీటులో నేర్చుకున్నాను. ఆయన స్టీరింగు వదిలేస్తే ఆ బడి మూతపడుతుందన్న భయం నాకూ ఉండే ఉంటుంది. కానీ అప్పటికి అలా అనుకోలేదు. చక్రం కింద నిమ్మకాయ తొక్కించి బయలుదేరే దేశంలో తనంతట తాను బ్రేకు వేసే యంత్రం వచ్చిందంటే నాకది పండగ.

"యంత్రానికి కునుకు పట్టదు అప్పా. పరాకు ఉండదు. మనిషి కన్నా దాన్నే నమ్మొచ్చు," అన్నాను.

"అది పాడైతేనో?"

"బాగుచేయిస్తాం."

రాయి తగిలాక మా అప్ప ఆ మాట పట్టుకుంది. అద్దం మారాక కారు మళ్ళీ కూస్తే ఆయన తోలుకోవచ్చు, కూయకపోతే తాళం తనకిచ్చెయ్యాలి. మా బావ ఒప్పుకున్నాడు. నవ్వుతూనే ఒప్పుకున్నాడు గాని, ఆ పూట అన్నం సరిగ్గా తినలేదు.

కొత్త అద్దం రావడానికి వారాలు పట్టింది. ఏ అద్దం పడితే ఆ అద్దం పనికిరాదు, కెమెరా కూర్చునే గూడు ఉన్నదే కావాలన్నారు. విజయనగరంలో షాపు ముందు కారు పెట్టి, పాత అద్దం చుట్టూ ఉన్న జిగురుని సన్నటి తీగతో కోస్తుంటే, మా బావ ఆపరేషను గది బయట చుట్టంలా నిలబడ్డాడు. కెమెరాని విప్పి సీటు మీద పెట్టారు. ఆయన జేబురుమాలు తీసి దాని మీద కప్పాడు.

"ఎండ తగల్తాది," అన్నాడు ఎవరూ అడక్కుండానే.

జిగురు ఆరేదాకా కారు కదపలేదు. తీరా కదిపితే స్టీరింగు వెనక పసుపు దీపం ఒకటి వెలిగి, ఆరలేదు. కారు కూయలేదు. షాపువాళ్ళు ముందే చెప్పారు. అద్దం మారితే కెమెరా చూసే కోణం మారుతుంది. ఇక్కడ వెంట్రుకవాసి తేడా దూరాన మనిషంత తేడా అవుతుంది. దాన్ని మళ్ళీ సరిచెయ్యాలి. ఆ పనికి విశాఖపట్నం నుంచి మెకానిక్కు ఒకాయన లాప్‌టాప్ పట్టుకుని, విజయనగరంలో అప్పా బావా దిగిన మా ఇంటికి వచ్చాడు. కాలిబ్రేషన్ అన్నాడాయన. మా బావ 'సూపు దిద్దడం' అన్నాడు.

గీతలు స్పష్టంగా ఉన్న రోడ్డు మీద ఒకే వేగంతో కొంతసేపు నడిపితే, కెమెరా ఆ గీతలు చూసి తన చూపు తానే దిద్దుకుంటుందట. ఊళ్ళో రోడ్ల మీద గీతలెక్కడివి? లారీల మట్టీ డీజిలూ తాగిన రోడ్లవి. భోగాపురం వైపు హైవే ఎక్కుదామని తేల్చాం.

బయలుదేరుతుంటే మా అప్ప కుంకుమ భరిణెతో వచ్చింది. కొత్త అద్దానికి పైన నడిమధ్యన, సరిగ్గా కెమెరా చూసేచోట, రూపాయి బిళ్ళంత బొట్టు పెట్టింది.

"అమ్మా, అక్కడ పెడితే దానికేమీ కనపడదు," అంటూ మెకానిక్కు నవ్వాపుకుని గుడ్డతో తుడిచాడు.

నాకు సభ దొరికినట్టయింది. "చూశావా అప్పా, నీ బొట్టు కారు కన్ను పొడిచేసింది!"

"ఆపరా. కారుకెట్టినాననుకున్నావేటి? మీ బావ కళ్ళకెట్టినాను. ఆయన కళ్ళిప్పుడక్కడే ఉన్నాయి కద. మొకాన ఉన్నవి ఏటి పనికొస్తన్నాయి?"

"నా మొకానెడితే నాను తుడిసేస్తాననీసి దాని మొకానెట్టినాది. పదండి పదండి," అన్నాడు మా బావ.

నేను తాయెత్తు కథ అందుకున్నాను. సభల్లో నా ఆయుధం అది. తాయెత్తు కట్టుకున్నవాడు, ఇంకేం భయమని లాంతరు ఇంట్లో వదిలేసి చీకట్లో నడుస్తాడు. పాముని తొక్కుతాడు. తాయెత్తుని చూసి పాము కరవడం మానదు. మా అప్ప ఆ కథ ఎన్నిసార్లు విందో. మొహం తిప్పుకుంది.

మెకానిక్కు తాను నడుపుతానన్నాడు.

"నా కారు నానే తోల్తాను. నువ్వు నీ పెట్టి సూసుకో," అన్నాడు మా బావ.

మా అప్ప నా వైపు చూసింది. పగలే కదా, సూటి రోడ్డే కదా అన్నాను.

మెకానిక్కు ముందు, ఎడం సీటులో లాప్‌టాప్ ఒళ్ళో పెట్టుకున్నాడు. అప్పా నేనూ వెనక కూర్చున్నాం. అటూ ఇటూ సరుగుడు తోటలు, మధ్యన తెల్లటి గీతలు. మా బావ హుషారుగా ఉన్నాడు.

"ఒరే పంతులూ, ఈ కెమెరా గీతని నమ్మతాది కద. గీసినోడు తప్పు గీస్తేనో?"

"గీసినవాణ్ణి దిద్దుతాం."

"గుళ్ళోకెల్లేవోడూ అదే అంతాడు కదరా. తప్పు పూజారిదిగాని దేముడిది కాదనీసి!"

మెకానిక్కు పకపకా నవ్వాడు. "కాలిబ్రేషన్ సగం దాటింది సార్, ఇలాగే పోనివ్వండి," అన్నాడు. నేను ముందుకి వంగి జవాబు మొదలుపెట్టాను.

అప్పుడు ఎడంపక్క ఊరి దారిలోంచి ఒక మోపెడ్ వచ్చింది. మగమనిషి నడుపుతున్నాడు, వెనక ఆడమనిషి చేపల గంప పట్టుకుని కూర్చుంది. ఆగకుండా హైవే ఎక్కేశారు. నేను చూశాను. చూసి నోరు తెరవలేదు. కారు కూస్తుందని ఎదురుచూశాను. పసుపు దీపం ఇంకా వెలుగుతూనే ఉంది. కారు కూసే స్థితిలో లేదని నాకు తెలుసు. తెలిసీ, ఆ క్షణం, కూత కోసం చెవి ఒగ్గి కూర్చున్నాను.

అరిచింది మా అప్ప. "ఓలమ్మో! ఎడంపక్క! మనిసి!"

మా బావ బ్రేకు మీద నిలబడ్డాడు. మోపెడ్ పక్కకి తిరిగి మట్టిలో పడింది. కారు తగల్లేదు. మగమనిషికి మోచెయ్యి గీసుకుపోయింది. గంప తిరగబడి వేలెడంత నెత్తళ్ళ చేపలు రోడ్డు మీద వెండి చిల్లరలా పరుచుకున్నాయి. ఆ ఆడమనిషి చీర దులుపుకుని లేచి, కారు దిగుతున్న మా బావ మీదికి వచ్చింది.

"ఏటి బాబూ, కారుందనీసి కళ్ళు నెత్తికెక్కినాయేటి? ఇంత మనిసి, ఇంత గంప, అవుపడ్నేదేటి నీకు?"

మా రోడ్ల మీద రోజూ వినపడే తిట్టే. ఇంకో రోజైతే, రోడ్డు నీ అబ్బదేటని మా బావ ఎదురు తిరిగేవాడు. ఆ రోజు ఆయన తలెత్తి, అద్దం పైన ఉన్న ఆ కెమెరా వైపు చూశాడు.

"అవునమ్మా," అన్నాడు. "నెత్తికెక్కించీసినాను."

ఆమె బిత్తరపోయింది. "ఈయనేటి ఇలాగంతన్నాడు?" అని మా అప్పని అడిగింది. మా అప్ప వంగి గంప నిలబెట్టింది.

మా బావ రోడ్డు మీద మోకాళ్ళ మీద కూర్చుని చేపలు ఏరడం మొదలుపెట్టాడు. ఎదురుగా ఉన్నవన్నీ శ్రద్ధగా ఏరి గంపలో వేశాడు. ఎడం మోకాలి పక్కనే గుప్పెడు నెత్తళ్ళు ఎండకి మెరుస్తున్నాయి. ఆయన చెయ్యి వాటిని దాటి వెళ్ళింది, దాటి వెనక్కి వచ్చింది. అయిపోయాయనుకుని లేవబోతూ అరచెయ్యి ఆనించాడు. సరిగ్గా వాటి మీదే ఆనింది.

ఆమె అది చూసింది. నోటిదాకా వచ్చిన తిట్టు అక్కడే ఆగిపోయింది.

"నువ్వు లెగు నాయినా. నానేరుకుంతాను," అంది.

తిట్టుని ఒప్పుకున్న మనిషి ఆ మెత్తటి గొంతుని మోయలేకపోయాడు. లేచి, చేపల తడి లుంగీకి తుడుచుకుంటూ, మాకు దూరంగా వెళ్ళి సరుగుడు చెట్ల వైపు తిరిగి నిలబడ్డాడు. మేము గంప నింపాం, మోపెడ్ లేపాం. మోచేతికి మెకానిక్కు మందు రాశాడు. వాళ్ళు వెళ్ళిపోయాక మా బావ వచ్చి తాళం ఇచ్చాడు. మెకానిక్కుకి కాదు, మా అప్పకి. ఆవిడ దాన్ని కాసేపు పట్టుకుని నిలబడి, మెకానిక్కు చేతిలో పెట్టింది. ఆవిడ ముందు సీటులోకి వెళ్ళింది. మా బావ నా పక్కన కూర్చున్నాడు. ఆ కారులో వెనక సీటు ఎలా ఉంటుందో ఆయన చూడడం అదే మొదటిసారి.

"నీ తాయెత్తు కూయనేదురా పంతులూ," అన్నాడు నెమ్మదిగా. "నాదీ అదే తాయెత్తు లే."

చంపావతి వంతెన వస్తుండగా పసుపు దీపం ఆరిపోయింది. కారు చిన్నగా మోగింది. మెకానిక్కు సంబరంగా అద్దంలో మా బావ వైపు చూసి, "పర్ఫెక్ట్ సార్! ఇంక మీరు నిశ్చింతగా నడుపుకోవచ్చు," అన్నాడు. పాపం, తన పని బాగా చేశాడు.

"దానికి సూపొచ్చీసినాది," అన్నాడు మా బావ, కళ్ళు మూసుకుని.

అప్పటి నుంచి ఆ కారు నేనే నడుపుతున్నాను. నేను నడిపే తీరు మీద మా బావకి గౌరవం లేదు. "ఉపన్యాసం ఇచ్చినట్టే తోల్తావురా. ఎక్కడాపాలో తెలీదు నీకు," అంటాడు. కారుకీ అదే అభిప్రాయం లాగుంది, ఆయన కాలంలో కంటే నా చేతిలో ఎక్కువగా కూస్తుంది. కూసిన ప్రతిసారీ అది మంచి యంత్రమనే అనుకుంటాను. బొట్టు వల్ల ఎవరి చూపూ నిలవదని ఇప్పటికీ అంటాను, రేపూ అంటాను. మా బావ స్టీరింగు వదలడం న్యాయమే. ముందే వదలవలసింది, నేనే ముందు చెప్పవలసింది. ఇవన్నీ తెలుసు. తెలిసినంత మాత్రాన మనసు ఊరుకోదు.

సభలు ఇప్పుడూ ఉన్నాయి. ఆయన వస్తాడు, వెనక వరసలో కూర్చుంటాడు. తిరుగుదారిలో నా పాత ఎడం సీటులో ఆయన ఉంటాడు. ఏదైనా ఎదురొస్తే ఆయన కుడికాలు కింద రబ్బరు పట్టా మీద గట్టిగా నొక్కుకుంటుంది. అక్కడ బ్రేకు లేదు. ఎడంపక్క నుంచి వచ్చినవాటికి కాలు కదలదు.

మొన్న శృంగవరపుకోట నుంచి వస్తూ ఆయన్ని కావాలనే కదిపాను. ఇవాళ సభలో తలరాత లేదన్నాను కదా, నువ్వేమంటావన్నాను. ఆయనకి చెప్పవలసింది ఉందని ముఖం చూస్తే తెలుస్తోంది. జవాబు కోసం నేను ఆయన వైపు తిరిగాను. అంతలో గీత దాటానని కారు కూసింది.

"నువ్వన్నదే నిజం లేరా పంతులూ," అన్నాడు మా బావ. "ముందు సూసి తోలు."