ఆవు చెవి బిళ్ల

మాది ముంచింగిపుట్టు దగ్గర పల్లె. నిరుడు మా ఒక్క పాడి ఆవూ జబ్బుచేసి చనిపోయింది. పోయినవాళ్ల ఒంటి మీద ఏదీ ఉంచకూడదని, పరిహారం కోసం ఫొటో తీయకముందే అమ్మ దాని చెవికున్న బీమా బిళ్ల తీసి దాచింది. ఆవును పాతిపెట్టి, ఆ బిళ్ల, ఫొటో పట్టుకుని బీమా ఆఫీసుకు వెళ్లాం.

"ఫొటోలో చెవికి బిళ్ల లేదు. ఇది మీ ఆవేనని నమ్మకమేమిటి? క్లెయిమ్ రాదు," అన్నాడు ఆఫీసరు.

"అదేటి బాబూ! మా ఆవు నాకు తెల్దా? రా, తవ్వి సూపిత్తాను!" అంది అమ్మ.

ఆఫీసంతా నవ్వింది. ఇక మరో ఆవును కొనలేమని తెలిసీ నేను తల దించుకున్నాను.

ఇంటికొచ్చి, ఆ ఆఫీసరుకు చెప్పాల్సిన జవాబులన్నీ డైరీలో నాలుగు పేజీలు రాశాను. ఆఫీసరు మీద కోపం ఎప్పుడో చల్లారింది. అమ్మ పక్కనే ఉండి నోరు మెదపని నా మీదే ఇప్పటికీ ఒళ్లు మండుతోంది.