తొంభై తొమ్మిది వేల రెండువందల ఇరవై ఒకటి

మారికుప్పంలో పొద్దున్నే రైలెక్కి మాలూరు బట్టల ఫ్యాక్టరీకి పోవడం జూలియాకు ఏళ్ళ అలవాటు. గనిలో పనిచేసిన తండ్రి ఆంథోనీ పోయాక గనివాళ్ళకని వరసగా కట్టిన ఆ లైన్ ఇంట్లో ఆమె ఒక్కతే. రోజు మొత్తంలో ఆమె మనసారా మాట్లాడేది రైల్లోనే. బంగారుపేటలో నాగరత్న ఎక్కేది. ఇద్దరిదీ ఒకే ఫ్యాక్టరీ.

వాళ్ళకొక ఆట ఉండేది. రైలు పెట్టె మీద రాసిన నంబరు ఏ సంఖ్యలను గుణిస్తే వస్తుందో నోటిలెక్కతో తేల్చాలి. ఒకటీ, తానూ తప్ప మరేదీ భాగించలేని నంబరైతే అది "మొండిది". ఒకరు మొండిదంటే రెండోవాళ్ళు సరిచూసేదాకా ఊరుకునేవాళ్ళు కాదు.

నిరుడు నాగరత్నకు పక్షవాతం వచ్చింది. చెల్లెలు తన ఊరు మాస్తికి తీసుకుపోయింది. ఫోన్లో ఆమె మాట అర్థమయ్యేది కాదు. జూలియా మెల్లగా ఫోన్లు తగ్గించింది.

కిటికీ పక్కన ఒక్కతే ఆడుకుంటుంటే ఒకరోజు 99221 తగిలింది. మూడుకు లొంగలేదు, ఏడుకు లొంగలేదు. రోజుకు కొన్ని చొప్పున మూడువందల పదకొండు దాకా భాగించి విసిగిపోయింది. భాగించి చూడాల్సింది ఇంకొక్కటి మిగిలే ఉంది గానీ, అడిగేదెవరని వదిలేసింది. మొండిదే అనుకుంది. ఎవరికైనా చెప్పాలనిపించింది. పెట్టె నిండా జనం, ఎవరి ఫోన్లలో వాళ్ళు.

ఆదివారం చర్చిలో పూజ అయ్యాక మాస్తికి పోయింది. నాగరత్న మంచంలో ఒక పక్కకు ఒరిగి ఉంది.

"నాగరత్నక్కా, పెద్ద మొండిది దొరికినాది. తొంభైతొమ్మిదివేల ఇన్నూట ఇరవైయొకటి!"

నాగరత్న చాలాసేపు గోడకేసి చూసింది. "మున్నూట... పదహైదు," అంది.

"దాంతో యాడ పోతాదక్కా? కడా అంకె ఒకటి కదా ఉండాది."

"మున్నూట పదహైదు!" నాగరత్న కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"ఇంగ ఇట్లే అమ్మా, ఏమేమో అంటాది," అంది చెల్లెలు.

అక్క బుద్ధి కూడా పోయిందనుకుంది జూలియా. ఆమె చేయి కాసేపు పట్టుకుని లేచి వచ్చేసింది.

బస్సు ఊరు దాటింది. నలుగురిలో ఏడవకూడదని మూడువందల పదిహేనును దాంతోనే గుణించడం మొదలుపెట్టింది. తొంభై తొమ్మిది వేల రెండువందల ఇరవై ఐదు వచ్చింది. తన నంబరు దానికి నాలుగే తక్కువ. నాలుగంటే రెండు రెళ్ళు. అయితే మూడువందల పదిహేనుకు రెండు ఇటు, రెండు అటు: 313, 317. ఆ రెంటినీ గుణించి చూసింది. తన నంబరే. తాను బద్ధకించి వదిలేసింది ఆ 313నే.

"నిలపప్పా, దిగాల!" అని కండక్టరు మీద అరిచింది.

ఎదురు బస్సు లేదు. మామిడితోటల పక్కన ఎండలో నడిచి వెళ్ళేసరికి నాగరత్న నిద్రలో ఉంది. మంచం పక్కనే కూర్చుంది. మెలకువ రాగానే చెవి దగ్గర వంగింది.

"మున్నూట పదమూడు. మున్నూట పదిహేడు. నేను చూడలేదక్కా, వదిలేసినాను."

నాగరత్న ముఖం ఒకవైపే నవ్వింది. "సోంబేరి," అంది. ఆ మాట మాత్రం స్పష్టంగా వచ్చింది.

సాయంత్రం బస్సుకని జూలియా లేవాల్సి వచ్చింది. ఇంటి తాళం తీసేసరికి చీకటి పడింది. మిగిలిన ముద్ద తింటూ, వచ్చే ఆదివారం పొద్దున్నే మాస్తికి బస్సుంటుందా అని ఆలోచించింది. మధ్యలో వారమంతా ఉంది.