పసుపు చుక్క స్నోడ్రాప్ కోసం ఒలిండా కొండకి

ఆగస్టు వస్తే నాకు పిచ్చి ముదురుతుందని మా వారి నమ్మకం. సిడ్నీకి పడమట, బ్లూ మౌంటెన్స్‌లో బ్లాక్‌హీత్ అనే చలి ఊళ్ళో మా ఇల్లు. పెరట్లో మేపుల్ చెట్టు కింద స్నోడ్రాప్‌లు పెంచుతాను. వెల్లుల్లి రెబ్బంత గడ్డ, జానెడు కాడ, తల వంచుకున్న ఒక్క తెల్లపువ్వు. లోపలి రేకుల మీద ఆకుపచ్చ చుక్క ఉంటుంది. చుక్క ఆకారం మారితే రకం మారినట్టే. ఒకదానికి గుర్రపు నాడాలా వంగి ఉంటుంది, ఒకదానికి రెండుగా చీలి ఉంటుంది. ఇంకోదానికి రేకులే పసిపిల్ల గౌను కుచ్చుల్లా ముద్దగా ఉంటాయి.

“అన్నీ ఒకటే తెల్లపువ్వు కదే!” అంటారు మా వారు. చీరాలలో మా నాన్న బట్టల కొట్టుకి వచ్చి తెల్లపంచెలన్నీ ఒకటే అనేవాళ్ళకి ఏ రకం అంటగట్టేవాళ్ళమో నాకు తెలుసు.

నా దగ్గర లేనిది పసుపు చుక్కది. ఎనభై తొమ్మిదిలో గార్డెన్ క్లబ్బులో ఒక కబురు తెలిసింది. మెల్బోర్న్ దగ్గర డాండినాంగ్ కొండల్లో, ఒలిండాలో, వాల్టర్ అనే పెద్దాయన ఇల్లు అమ్మేశాడట. కొన్నవాళ్ళు తోట చదును చేసి టెన్నిస్ కోర్టు వేస్తారట. ఈలోగా ఆయన తన స్నోడ్రాప్‌లను సరిగ్గా చూసుకునేవాళ్ళకి పంచుతున్నాడట. పసుపుది కూడా ఉందట. ఈ ఆగస్టు దాటితే అది రోలరు కిందకే. ఆసుపత్రిలో నా నర్సు డ్యూటీలు అటూ ఇటూ మార్చుకుని టికెట్ కొన్నాను.

తెల్లవారుజామున కొండ రైల్లో సిడ్నీ సెంట్రల్‌కి దిగి, ఎనిమిదింటికి మెల్బోర్న్ పగటి రైలు ఎక్కాను. వెళ్ళేవాళ్ళకి ఒక మాట: తిండి మీరే కట్టుకెళ్ళండి. రైల్లో దొరికే ‘మీట్ పై’ అనే మాంసం రొట్టె బయట నిప్పు, లోపల మంచు. నేను పులిహోర విప్పగానే ఎదుటి సీటులో స్వెట్టర్ అల్లుతున్న ఆవిడ సూదులు ఆపింది.

“పసుపు అన్నమా?”

“పసుపు పువ్వు కోసం వెళ్తున్నాను, శకునం బాగుంది” అన్నాను. ఆవిడకి అర్థమయ్యుండదు గానీ ఒక బిస్కెట్ ఇచ్చింది.

గౌల్‌బర్న్ దాటాక గొర్రెలు, ఆల్బరీ దాటాక ఇంకా గొర్రెలు. చీకటి పడ్డాక మెల్బోర్న్ చేరాను. మా ఆడబిడ్డ సుగుణ వదిన స్టేషన్‌కొచ్చి రింగ్‌వుడ్‌లోని వాళ్ళింటికి తీసుకెళ్ళింది. అద్దె లేని బస. మాటలు మాత్రం పడాలి.

“ఒక్క పువ్వు కోసం ఇంత దూరమా కరుణా! మా తమ్ముడు నిన్నెట్టా భరిస్తున్నాడే?”

మర్నాడు వదిన కూడా నా వెంట వచ్చింది. “నువ్వు బేరమాడేది చూసి చాన్నాళ్ళయింది” అంది. రింగ్‌వుడ్ నుంచి బెల్‌గ్రేవ్‌కి లోకల్ రైలు, అక్కణ్ణించి కొండ మీదికి బస్సు. బస్సు తక్కువ, రాబోయే బస్సు టైము ముందే కనుక్కోండి. రోడ్డుకి రెండు వైపులా మేఘాల్లోకి దూరిపోయిన చెట్లు. వాటి కింద గొడుగులు విప్పుకున్నట్టు ఫెర్న్ చెట్లు. పొగమంచులోంచి ఏదో పిట్ట కిలకిలా నవ్వుతుంటే, “చూడు, దానిక్కూడా తెలిసిపోయింది” అంది వదిన.

వాల్టర్ తోట గేటు తీసినప్పుడు వదిన నోరు కూడా మూతపడింది. ఆకులు రాల్చిన చెట్ల కింద వాలు పొడుగునా తెలుపే. ఎవరో ఉతికిన పంచెలు పరిచి, గాలికి ఎగరకుండా కాడలు గుచ్చినట్టుంది. దగ్గరికి వెళ్తే లేత తేనె వాసన. సన్నగా పొడుగ్గా ఉన్న ఆ పెద్దాయన చేతిలో కర్రకి కట్టిన చిన్న అద్దం ఉంది. వంగక్కర్లేకుండా దాన్ని పువ్వు కిందికి జరుపుతాడు. అద్దంలో లోపలి చుక్క కనిపిస్తుంది. ఒక్కొక్కదాన్నీ పక్కింటి పిల్లని పరిచయం చేసినట్టు చూపించాడు. చివరికి ఒక రాతి పక్కన అద్దం ఆపాడు. మూడే కాడలు. చుక్క పసుపు, పువ్వు మొదలు కూడా పసుపు. గుడ్డు సొన రంగు.

సరుకు నచ్చినప్పుడు మొహం గడ్డకట్టించుకోవాలని మా నాన్న నేర్పాడు.

“దీనికెంత?” అన్నాను.

“నాట్ ఫర్ సేల్, లవ్” అన్నాడాయన. ఇక్కడి పెద్దవాళ్ళకి ఎదుటి ఆడమనిషి ఎవరైనా ‘లవ్వే’.

మా బజార్లో ‘అమ్మను’ అన్న మాట బేరానికి బోణీ. వెంటనే వంకలు మొదలుపెట్టాను. ఆకులు పాలిపోయాయన్నాను. తక్కినవాటి కంటే పొట్టిగా ఉందన్నాను. గడ్డలు సరిగ్గా పెరిగినట్టు లేవు, కామెర్లొచ్చిన మనిషిలా ఉంది, రెండేళ్ళు బతకదు అన్నాను. ఆయన ప్రతిదానికీ శ్రద్ధగా తలూపాడు. ఇక ఆఖరి అస్త్రం. “సరే, వస్తాం” అని గేటు వైపు నడిచాను. మా వైపు కొట్టు మెట్టు దిగేలోగా ‘రండమ్మా, మీ మాటే కానివ్వండి’ అని పిలుపొస్తుంది.

వెనకనించి ఆయన గొంతు వినిపించింది. “మెట్టు తడిగా ఉంది, జాగ్రత్త!”

అంతే. గేటు దాటాం. మలుపు తిరిగాం. చెప్పు సరిచేసుకునే నెపంతో ఆగాను. ఎవరూ పిలవలేదు.

“పిలవడు. నీ వంకలన్నీ నమ్మేశాడు పాపం” అంది వదిన, బస్‌స్టాప్ బల్ల మీద కూర్చుంటూ.

“ఒక్క నిమిషం ఆగండి వదినా.”

“ఎందుకాగడం? ఆయన నీకు పంచె అమ్ముతున్నాడా? కన్నబిడ్డని దత్తు ఇవ్వడానికి చూస్తుంటే, కామెర్ల పిల్ల అన్నావు. ఇస్తాడా ఎవడైనా?”

నా చెవులు కాలిపోయాయి. కొండ కింది నుంచి బస్సు మోత వినబడుతోంది. ఎక్కితే ఆ మూడు కాడల మీద టెన్నిస్ ఆడతారు. బస్సు వచ్చి తలుపు తీసింది. డ్రైవరు, “ఎక్కుతున్నారా, లేదా?” అన్నాడు. వదిన నా వంక చూసింది. “లేదు నాయనా, మాకు పనుంది” అంది తెలుగులోనే.

నేను మళ్ళీ వాలు ఎక్కాను, నా వెనకే వదిన. వాల్టర్ ఆ రాతి దగ్గరే మోకాళ్ళ మీద ఉన్నాడు.

“మీ తోట మొత్తంలో నాకు నచ్చింది ఇదే” అన్నాను ఆయాసపడుతూ. “కావాలి కాబట్టే వంకలు పెట్టాను. మా వాళ్ళ అలవాటు అది.” కొనేవాడి ముందు సరుకుని పొగడొచ్చు గానీ అమ్మేవాడి ముందు పొగడడం జన్మలో అదే మొదటిసారి. చొక్కా విప్పి నిలబడ్డంత పనయింది.

ఆయన మట్టి చేతులు తుడుచుకున్నాడు. “వారమంతా జనం వచ్చి స్వీట్, లవ్లీ అని పోయారు. దీని జబ్బు చెప్పింది నువ్వొక్కదానివే. పసుపువాటికి నిజంగానే బలం తక్కువ. నీకే ఇద్దామనుకున్నాను. నచ్చలేదన్నావు కదా, బలవంతం చేయడమెందుకని ఊరుకున్నాను.”

వదిన కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

“ఎక్కడ నాటుతావు?”

“మేపుల్ కింద, వాలులో. ఎండాకాలం ఆ వేళ్ళే నీళ్ళన్నీ తాగేస్తాయి. గడ్డ పొడిగా నిద్రపోతుంది. చలికాలం ఆకుమట్టి వేస్తాను.”

“ఎరువు?”

“వేయను. తిండి ఎక్కువైతే కుళ్ళుతుంది.”

ఆయన చేతి పార తీసుకున్నాడు. పూలతో, ఆకులతో, మట్టితో సహా రెండు కాడలు పైకి తీశాడు. పచ్చిగా ఉన్నప్పుడే మార్చాలట, ఎండిన గడ్డ బెంగపెట్టుకుంటుందట. మూడోది చిన్న కుండీలో పెట్టుకున్నాడు. కూతురి ఇంట్లో కిటికీ అరుగు మీద అంత చోటే ఉందన్నాడు. ఆ మాట అన్నప్పుడు వాలు వైపు చూడలేదు. నేను నా పులిహోర డబ్బాలో తడిపిన పేపరు పరిచి గడ్డల్ని పడుకోబెట్టాను.

“అంతేనా? కొసరు లేదా?” నోరు జారింది.

కొసరంటే ఏమిటో వదినే చెప్పింది. ఆయన గట్టిగా నవ్వి, మామూలు ఆకుపచ్చ చుక్కవి పెద్ద గుత్తి తవ్వి పెట్టాడు. “పసుపువి పిలకలు పెట్టిన రోజున ఒకటి ఎవరికైనా ఇచ్చెయ్. ఒక్క తోటలోనే ఉన్న మొక్క లేనట్టే లెక్క” అన్నాడు. సరేనన్నాను. ఉన్న మంచి సరుకుని వెనక అరలో దాచే ఇంట్లో పెరిగినదాన్ని నేను. అయినా సరేనన్నాను.

మర్నాడు పొద్దున్నే తిరుగు రైలు. వాల్టర్ తోటని ఇంక ఎవరూ చూడలేరు గానీ ఆగస్టులో ఆ కొండలు చూసి తీరాల్సినవే. కోటు మరవకండి. ఖాళీ డబ్బా ఒకటి వెంట ఉంచుకోండి. నచ్చినదాన్ని నచ్చిందనండి, బస్సొచ్చే లోపలే.

వాగా వాగా దాటాక రైలు పెట్టెలో హీటరు బాగా వేడెక్కింది. గడ్డలకి గాలి తగలాలని డబ్బా మూత తీసి కిటికీ పక్కన పెట్టాను. పక్క సీట్లో ఎర్రటి మెడ, పెద్ద చేతులు ఉన్న గొర్రెల రైతు గుర్రప్పందేల పేజీ చదువుతున్నాడు. కాసేపటికి, చలిలో ముడుచుకున్న తెల్లరేకులు ఆ వెచ్చదనానికి మెల్లగా విచ్చుకోవడం మొదలెట్టాయి. రెండు పువ్వుల్లోనూ పసుపు చుక్కలు బయటపడ్డాయి.

రైతు పేపరు దించి చూశాడు. కాసేపు చూసి పేపరు మడిచి, కిటికీ తెరని పక్కకి లాగి, ఎండ డబ్బా మీద పడేలా పట్టుకుని కూర్చున్నాడు.