పెద్దమ్మ కారు పాత ఇనుము కాదు

మా పెద్దమ్మ పోయింది. మధ్యాహ్నం అన్నం తిని కిటికీ పక్క మంచం మీద ఒరిగిన మనిషి, సాయంత్రం టీకి పిలిస్తే లేవలేదు. అమ్మ ఫోను చేసేసరికి నేను పుదుచ్చేరిలో, యూనివర్సిటీ హాస్టల్లో ఉన్నాను. బస్సులు మారి యానాం చేరేసరికి ఆమెను పెట్టెలో పడుకోబెట్టి నాకోసం ఆపి ఉంచారు. సమాధుల తోట నుంచి తిరిగి వస్తున్నప్పుడు, నా వెనక నడుస్తున్న ఇద్దరు పెద్దమనుషుల మాట చెవిన పడింది. అదే మాట ఆ తరవాత వీధిలోనూ, చర్చి వరండాలోనూ, మా ఇంటి అరుగు మీదా మళ్ళీ మళ్ళీ విన్నాను. కనుక దాన్ని అభియోగంగానే స్వీకరిస్తున్నాను. అభియోగం ఇది: మా పెద్దమ్మ పిసినారి, ఫ్రాన్సు పెన్షను తీసుకుంటూ ఒక డొక్కు కారుని పట్టుకు వేలాడింది, ఉన్నదంతా దానికే తగలేసి ఎవరికీ ఏమీ మిగల్చకుండా పోయింది.

ముప్పయ్యో రోజు పూజ అయ్యాక ఆమె గురించి నాలుగు మాటలు రాసి చదవమని ఫాదర్ గారు అడిగారు. వాదించడం నాకు కొత్త కాదు, ఇష్టం కూడా. కాని ఈ నెల్లాళ్ళూ పరామర్శకు వచ్చినవారందరికీ విడివిడిగా జవాబు చెప్పి నా గొంతు అలసిపోయింది. అందుకే అందరికీ కలిపి ఒక్కసారి రాశాను. పిసినారి అయినవాడు ఉన్నదంతా తగలెయ్యడని, తగలేసినవాడు పిసినారి కాడని చెప్పి ఇక్కడితో ఆపి కూర్చోవచ్చు. కాలేజీ వక్తృత్వ పోటీలో అయితే అదే చేసేదాన్ని. ఇక్కడ దానితో గెలిచి నాకు ఒరిగేదేమీ లేదు.

మొదటి భాగాన్ని అంగీకరిస్తున్నాను. ఆమె పిసినారే. కాకినాడ నుంచి వచ్చేటప్పుడు ముల్లు ఎంత కిందికి పడినా ఆంధ్రా బంకులో పెట్రోలు పోయించేది కాదు. మన దగ్గర పన్ను తక్కువని చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు ఇటొచ్చి పోయించుకుంటుంటే, యానాం మనిషి అటు పోయించుకోవడం అవమానమని ఆమె లెక్క. సరిహద్దు ఊరు ఇంజరం దాటితే చాలు, ఆపైన తోసుకునైనా పోదామనేది. ఒకసారి ఇంజరం దాటకముందే కారు ఆగింది. మిట్టమధ్యాహ్నం మేమిద్దరం తోస్తుంటే, సైకిలు మీద పోతున్న ఒకాయన ఆగి తీరిగ్గా చూశాడు.

"ఏవండీ అమ్మగోరూ, ఫ్రాన్సులో కూడా ఇలాగే తోసేవారాండీ?"

పెద్దమ్మ చెంగుతో ముఖం తుడుచుకుంది. "అక్కడ తోసేవాళ్ళు దొరకరండి. ఇక్కడ మీరు దొరికారు. ఓ చెయ్యెయ్యండి."

ఆయన సైకిలు చెట్టుకి ఆనించి చెయ్యి వేశాడు. యానాం బంకు దాకా ఆయన నవ్వుతూనే ఉన్నాడు, పెద్దమ్మ అక్కడి ఎండకీ ఇక్కడి ఎండకీ తేడా చెబుతూనే ఉంది.

పెళ్ళయ్యాక పెదనాన్న వెంట ఆమె ఫ్రాన్సు వెళ్ళింది. పెదనాన్న అక్కడి సైన్యంలో పనిచేశారు. ఫ్రెంచివాళ్ళు ఏలిన మన ఊళ్ళో అటువంటి కుటుంబాల గురించి మీకు నేను చెప్పనక్కర్లేదు. అక్కడ ఒక చిన్న పట్టణంలో ఆమె పురపాలక సంఘం వారి వ్యాను నడిపేది. ఇల్లు కదల్లేని ముసలివాళ్ళకు మధ్యాహ్న భోజనం చేరవెయ్యడం ఉద్యోగం. పెదనాన్న పోయాక ఒంటరిగా తిరిగొచ్చి ఈ తెల్లకారు కొంది. ఆ రోజు అది కొత్తదే. తరవాత ఇద్దరూ కలిసే పాతబడ్డారు.

అక్కడ బళ్ళు రోడ్డుకి కుడిపక్కన నడుస్తాయి కనుక స్టీరింగు ఎడమవైపు ఉంటుంది. ఇక్కడికొచ్చి ఇన్నేళ్ళయినా, ఏదైనా ఆలోచనలో ఉన్న రోజు పెద్దమ్మ తాళాలు పట్టుకుని తిన్నగా వెళ్ళి ఎడమ తలుపు తీసి కూర్చునేది. ఎదురుగా స్టీరింగు కనపడక కాసేపు వీధి చూసేది. ఆ తరవాత, అందుకే ఎక్కినట్టు, ముందున్న దుమ్ము తుడిచి దిగేది. మేం నవ్వితే, "తుడుచుకోవద్దా ఏంటే, మీరు తుడుస్తారా?" అని గదమాయించేది.

ఆమె కారుని చూసుకున్న పద్ధతి చెప్పాలి. రాత్రి ఇంజను కింద ఒక అట్టముక్క పరిచేది. తెల్లారి దాన్ని లాగి వెలుతురులో పెట్టి చూసేది. నల్లచుక్క కనబడితే ఇంజనాయిలు, పచ్చచుక్కయితే రేడియేటరు నీళ్ళు. అట్ట పొడిగా ఉన్న రోజు కాఫీ కూడా బాగా కుదిరిందనేది. బ్యాటరీ మీద పూసిన తెల్లబూజుని వేణ్ణీళ్ళతో కడిగేది. కారు అడుగుభాగానికి ఏటా రంగు వేయించేది. సముద్రపుగాలికి మన ఊళ్ళో ఇనుము నిలవదు. అక్కడ చలికాలంలో మంచు కరగడానికి రోడ్ల మీద ఉప్పు చల్లుతారట, ఆ ఉప్పుకి కార్ల అడుగులు తినేస్తాయట. అక్కడ ఉప్పు మనుషులు చల్లుతారు, ఇక్కడ గాలి చల్లుతుంది, అడుగు చూసుకోనివాడు రెండుచోట్లా నష్టపోతాడు అని ఆమె తేల్చింది.

ఈ పోలికలే ఆమెకు చెడ్డపేరు తెచ్చాయి. ఇక్కడి తిండి తింటూ అక్కడి గొప్పలు చెబుతుందన్నారు. నేను కూడా ఆ మాట ఎదురుగానే అన్నాను. కాలేజీల పోటీకి నాకిచ్చిన అంశం, సామాన్యుడికి కారు మన దేశంలోనే చవక అన్నది. లీటరు పెట్రోలు ధర, బీమా, మెకానిక్కు కూలి, కారు నిలుపుకోవడానికి కట్టే అద్దె, పెద్దరోడ్ల మీద కట్టే రుసుము, అన్నిటిలోనూ మనమే నయమని సిద్ధం చేసుకుని ఆమె ముందు చదివాను. ఆమె బ్యాటరీ తుడుస్తూ చివరిదాకా విన్నది.

"లీటరెంతో చెప్పావు, బావుంది. అక్కడ నా వ్యాను కడిగే మనిషి ఓ గంట పనిచేస్తే లీటర్ల కొద్దీ వచ్చేది. ఇక్కడ రొయ్యల షెడ్డులో చేసే పిల్ల ఒక్క లీటరుకి ఎంతసేపు నిలబడాలే? అది రాశావా?"

నేను ఊరుకోలేదు. అక్కడ ఇంటద్దెకీ, చలికాలం ఇల్లు వెచ్చబెట్టుకోవడానికీ జీతం ఎంత పోతుందో అడిగాను. ఆమె ఒప్పుకుంది. "అదీ నిజవే. అయితే రెండూ రాసుకో" అంది. అన్నం చల్లారేదాకా వాదించుకున్నాం. మెకానిక్కు కూలి దగ్గర మాత్రం ఆమె నన్ను కదలనివ్వలేదు. అక్కడ గ్యారేజీవాడి ఒక గంట తన ఒకరోజు జీతాన్ని మింగేస్తుందని, అందుకే పానా పట్టడం నేర్చుకున్నానని చెప్పింది. ఇక్కడ మనిషి పూటంతా బండి కింద పడుకున్నా అందులో ఆవగింజంత కూడా ఇవ్వరు. "చవకని సంబరపడిపోకే. ఆ చవక ఎవడి నడుంలోంచి వస్తందో చూడు." కొబ్బరికాయల దగ్గర రూపాయికి పోట్లాడే ఆ మనిషి మెకానిక్కుతో బేరమాడగా నేనెన్నడూ చూడలేదు.

ఇప్పుడు అభియోగంలో రెండో భాగానికి వస్తాను. ఉన్నదంతా కారుకే పెట్టిందన్నారు. నిజమే, పెట్టింది. దేనికి పెట్టిందో మీకు తెలుసు. తెలిసీ మాట్లాడరు కనుక చెబుతున్నాను.

ఫ్రాన్సులో లైసెన్సు తెచ్చుకోవడం తలకు మించిన ఖర్చట. నెలల తరబడి నేర్చుకోవాలి; పరీక్ష తప్పితే మళ్ళీ డబ్బు కట్టి నేర్చుకోవాలి; అప్పుచేసి నేర్చుకునే పిల్లలుంటారు. ఇక్కడ ఆ ఖర్చులేదు, నేర్చుకునే ఓపికా లేదు. "అక్కడ ముందు కడతారు. ఇక్కడ తరవాత కడతాం, ఆస్పత్రిలో" అనేది. అని ఊరుకోలేదు. మన ఊరి ఆడవాళ్ళకు బండి నేర్పడం మొదలుపెట్టింది. ఆదివారం గుడి అయ్యాక ఫరంపేట నుంచి, కనకాలపేట నుంచి వచ్చి మా వాకిట్లో నిలబడ్డవాళ్ళలో సగంమంది ఈ సభలో ఉన్నారు. చెప్పులు విడిచి ఎక్కమనేది. కాలికి పెడలు తెలియాలనేది. ఎవరైనా క్లచ్చి ఒక్కసారిగా వదిలేస్తే "డూస్మా, డూస్మా" అని అరిచేది. అది ఫ్రెంచి మాట, నెమ్మదిగా అని అర్థం. ఇప్పుడు ఫరంపేటలో అన్నం గబగబా తినే పిల్లల్ని కూడా తల్లులు డూస్మా అంటున్నారు. చక్రం ఒంటరిగా విప్పి బిగించేదాకా, వంతెన ఎత్తు మీద బండి వెనక్కి జారకుండా ఎక్కించేదాకా, నీకు వచ్చేసిందని ఒక్కరితోనూ అనలేదు. కఠినురాలని మీరు చాటుగా తిట్టుకున్నారు. ఎవరి దగ్గరా పైసా తీసుకోలేదు.

కొత్తగా నేర్చుకునేవాళ్ళు భయంతో క్లచ్చి మీద నుంచి కాలు తియ్యరు. ఆ ఒత్తిడికి లోపలి ప్లేటు కాలిపోతుంది. ఆమె ఒక్కతే నడుపుకుని ఉంటే ఆ కారుకి ప్లేటు మార్చే అవసరం ఎప్పుడోగాని వచ్చేది కాదు. ఎన్నిసార్లు మార్చారో మెకానిక్కుని అడగండి. కాలిన వాసన వచ్చినప్పుడల్లా ఆమె అద్దాలు దించి, "ఫర్లేదు, బండికి ఆకలేసింది" అని మళ్ళీ స్టార్టు చెయ్యమనేది. ఆమె పెన్షను ఆ ప్లేట్లలోకే పోయింది. వాటిని కాల్చినవి మీ కాళ్ళు. పిసినారి అన్న మాట విన్నప్పుడు వరండాలో మీరు తలలు దించుకుని చెప్పులు వెతుక్కున్నారు. నేను చూశాను.

ఆమె చివరిగా నేర్పుతున్నది అడవిపొలం నుంచి వచ్చే ఒక అక్కకి. ఆ అక్క భర్త మినీ వ్యానులో చేపలు తోలేవాడు. పక్షవాతంతో కుడిపక్క పడిపోయింది. వ్యాను వాకిట్లో నిలబడిపోయింది. డ్రైవరుని పెట్టుకుంటే వచ్చేది అతనికే సరిపోతుంది. తనే నడపాలని వచ్చింది. మొదటి ఆదివారం నేను వెనక సీట్లో ఉన్నాను.

"అమ్మగోరూ, నా కాలు నా మాటినట్లేదండి."

"నీ మాట దానికెందుకే? నువ్వు బండి మాట విను. డూస్మా."

లైసెన్సు పరీక్ష ఈ నెలాఖరున. వెనక్కి నడపడం ఇంకా చేతికి రాలేదు. పెద్దమ్మ పోయాక కూడా ఆ అక్క ప్రతి ఆదివారం వచ్చి, కారు తుడిచి, కాసేపు అరుగు మీద కూర్చుని వెళుతోంది.

ఇంతలో పెద్దమ్మ తమ్ముడు, మా మావయ్య, కారుని పాత ఇనుము కొనేవాడికి మాట్లాడేశాడు. ఎల్లుండి సోమవారం బండి వస్తుంది. ఆయన చెడ్డవాడు కాదు, అక్క పోయిన బాధలో ఆయనకి తిండి కూడా సరిగ్గా సయించడం లేదు. నేను అడ్డం పడితే ఆయన నన్నే అడిగాడు.

"రేపెవరినన్నా గుద్దితే స్టేషనుకెళ్ళేదెవరే? నేనా, పైకెళ్ళిపోయిన మా అక్కా? అంత వాదిస్తావు కదా, పోనీ నువ్వు కూర్చో పక్కన."

నాకు లైసెన్సు లేదు. వెనక సీట్లో కూర్చుని వాదించడమే నేను నేర్చుకున్నది. సెలవు కూడా అయిపోయింది, మంగళవారం తిరిగి వెళ్ళాలి. చివరికి మావయ్య ఒక మెట్టు దిగాడు. లైసెన్సున్న మనిషి ఎవరైనా బాధ్యత తీసుకుని పక్కన కూర్చుంటామని మాటిస్తే, ఆ అక్క పరీక్ష అయ్యేదాకా కారు కదపనన్నాడు. బీమా ఉంది. రిజిస్ట్రేషను గడువు పరీక్ష దాటేదాకా ఉంది. లేనిదల్లా ఆ ఒక్క మనిషి.

పెద్దమ్మను పొగడమని నేను మిమ్మల్ని అడగడం లేదు. పిసినారి అన్న మాట కూడా మీ దగ్గరే ఉంచుకోండి. నాకు ఇక వాదించే ఓపిక లేదు. ఆ కారులో నేర్చుకుని, లైసెన్సు తెచ్చుకుని, ఈ రోజు స్కూళ్ళకీ ఆఫీసులకీ కార్లు నడుపుకుంటున్నవారు ఈ సభలో ఉన్నారు. అడిగేది మిమ్మల్నే. అడవిపొలం అక్క చివరి వరసలో, గుమ్మం పక్కన కూర్చుని ఉంది. నీవేమైనా ఉంటే తీసుకెళ్ళమని మావయ్య చెప్పాడని, నిన్న కారుకి ముందూ వెనకా కట్టిన ఎల్ బోర్డులు విప్పుకుంది. అవి ఆమె ఒళ్ళో సంచిలో ఉన్నాయి. వెనక్కి తిరగండి. రేపు ఉదయం ఎవరొస్తారో చెప్పండి. నాకు కాదు, ఆమెకు.