ముప్పై రోజుల సంతకం

నీటిశుద్ధి కేంద్రం కంట్రోల్ రూములో ఇరవై ఆరేళ్లుగా కూర్చుంటున్న ఆ సీనియర్ ఆపరేటరును తోటివాళ్లు వెనకాల మొండిఘటం అనేవారు. ఎదుట కూడా అనేవారు, కాకపోతే నవ్వుతూ. కంప్యూటరు తెరమీద నీటిమట్టం కనబడుతున్నా, గంటకోసారి లేచి వెళ్లి ట్యాంకు పక్కనున్న గాజుగొట్టంలో కళ్లారా చూసి వచ్చేవాడు.

"తెర చెబుతోందిగా, మళ్లీ ఆ తిరుగుడెందుకు?" అని అడిగితే, "అది చెప్పేది అది చెబుతుంది," అనేవాడు.

అలాంటివాడి నెత్తిన బామ్మర్ది వచ్చి కూర్చున్నాడు. భార్యకు ఒక్కగానొక్క తమ్ముడు. చిన్న కంపెనీ పెట్టి, రోజువారీ నివేదికలు వాటంతటవే తయారయ్యే ప్రోగ్రాము రాశాడు. పంపులను నడిపే అసలు సాఫ్ట్‌వేరు ఉన్న కంప్యూటరులోనే దాన్నీ ఎక్కించారు. ముప్పై రోజులు ఒక్కసారి కూడా ఆపకుండా నడిస్తే కేంద్రం దాన్ని తీసుకుంటుంది. అలా నడిచిందని సంతకం చేయవలసింది సీనియర్ ఆపరేటరు.

ఇరవై ఐదో రోజు మధ్యాహ్నం తెరమీద ట్యాంకు మట్టం అరవై రెండు శాతం ఉంది. చివరి అంకె ఎప్పుడూ కుదురుగా ఉండదు. ఆ రోజు గోడమీద రాసినట్టు కదలకుండా ఉంది. అతను గాజుగొట్టం దగ్గరికి వెళ్లి చూశాడు. నీళ్లు అంచుకు జానెడు కింద ఉన్నాయి. పరుగున పోయి పంపును చేత్తో ఆపాడు. ఇంకాస్త ఆలస్యమైతే ట్యాంకు పొంగి, కింది గదిలో మోటార్లు మునిగేవి. తెరమాత్రం ఇంకా అరవై రెండు దగ్గరే ఉంది. అలారం కూడా మోగలేదు.

గంటలో బామ్మర్ది మేనేజరు గదిలో ప్రత్యక్షమయ్యాడు.

"మొన్న ఆదివారం రీస్టార్ట్ చెయ్యలేదేం బావా?"

"ఆపకుండా నడవాలన్నదేగా పరీక్ష?"

"అబ్బో! మరి మొదటి ఆదివారం ఆపిందెవరు? ఎన్నింటికి ఆగి ఎన్నింటికి లేచిందో నా ప్రోగ్రాము రాసి పెట్టుకుంటుంది. ఉదయం తొమ్మిదిన్నర. డ్యూటీలో నువ్వే."

నిజమే. ఆరేళ్ల కిందట ఎవరో తెచ్చిన యాంటీవైరస్ ప్రోగ్రాము వల్ల తెర నత్తనడక నడిస్తే, ప్రతి ఆదివారం కంప్యూటరు ఆపి మళ్లీ వేయడం మొదలుపెట్టారు. ఆ ప్రోగ్రాము తీసేశారు, అలవాటు పోలేదు. ఎవరూ లాగ్‌బుక్కులో రాయరు. మొదటి ఆదివారం అతను, రెండో ఆదివారం ఇంకో ఆపరేటరు. మూడో ఆదివారం ఫిల్టర్లు కడిగే హడావుడిలో మరిచిపోయారు. మరిచిపోయారు కాబట్టే, ఆపకుండా వారం దాటి నడిస్తే బామ్మర్ది ప్రోగ్రాము తెరను బిగదీసేస్తుందన్న గుట్టు బయటపడింది. గంటకోసారి గాజుగొట్టాన్ని చూసి వచ్చే తను, మొదటి వారమే ఆ రోగాన్ని తన చేత్తోనే కప్పిపెట్టాడు.

మేనేజరు గొంతు సవరించుకున్నాడు. "లాగ్‌బుక్కులో లేనిది జరగనట్టే లెండి. ఇంకో ఐదు రోజులేగా. ఆదివారం ఒకసారి ఆపి వేసేయండి, ఆ తర్వాత సంతకం పెట్టేయండి."

"రాస్తే ముందు నీ తప్పే రాసుకోవాలి బావా," అన్నాడు బామ్మర్ది, పళ్లు బయటపెట్టి. "రాస్తావా?"

ఇంటికి వెళ్లేసరికి భార్య నిప్పులు చెరుగుతోంది. "సంతకమేగా అడిగాడు! వాడేమైనా మీ కిడ్నీ అడిగాడా?"

"కిడ్నీ అయితే ఇచ్చేవాణ్ణే. అది నాది."

"నా తమ్ముడంటే మీకు మొదట్నుంచీ కడుపుమంట. పెళ్లిలోనే చూశాను."

"పెళ్లిలో వాడికి పదేళ్లు. నాకెందుకే మంట?"

ఆమె కంచం ఠక్కున బల్లమీద పెట్టి లోపలికి వెళ్లిపోయింది.

మర్నాడు అతను పరీక్ష ఫారం ముందేసుకుని రాశాడు. ఏడో రోజు ఆపి వేసింది నేను, నమోదు చేయలేదు. పద్నాలుగో రోజు ఆపి వేసిన ఆపరేటరు కూడా నమోదు చేయలేదు. ఇరవై ఐదో రోజు, పదకొండు రోజులు ఆపకుండా నడిచాక, తెర నిలిచిపోయింది. పరీక్ష నెగ్గలేదు. కింద సంతకం చేశాడు.

సాయంత్రానికి మేనేజరు, ఏడో రోజు నమోదు చేయనందుకని అతని చేతిలో మెమో పెట్టాడు. పద్నాలుగో రోజు ఆపరేటరు టీ తాగడానికి వేరే బల్లకు మారాడు. "కొంపలు కూల్చే సత్యహరిశ్చంద్రుడు," అన్నాడు అందరికీ వినబడేలా.

సోమవారం బామ్మర్ది లాప్‌టాప్‌తో కంట్రోల్ రూముకు వచ్చాడు. ప్రోగ్రామును సరిచేశాడట, మొదటి రోజు నుంచి మళ్లీ లెక్క. పని ముగించి, తలెత్తకుండా అన్నాడు:

"ఆపరేటరుగారూ, మొదలైంది. టైము వేసుకోండి."

పదిహేనేళ్లలో వాడు అతన్ని బావా అని పిలవకపోవడం అదే మొదటిసారి. అతను గడియారం చూసి ఫారంలో టైము వేశాడు.

"ఆదివారాలు కూడా నడవాలి," అన్నాడు.